బాయిలర్ గదిలో కట్టిన రాకెట్

మీ ఆయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, ఆసుపత్రిలో బాయిలర్ చూస్తాడని చెబుతాను. అక్కడితో ఆపితే నా పరువు దక్కుతుంది. కానీ నా నోరు ఊరుకోదు కదా, "రాకెట్లు కూడా ఎగరేస్తాడు" అనేస్తాను. అప్పుడు వాళ్ళు నా మొహంలోకి పరీక్షగా చూస్తారు, మతి పోయింది ఆయనకా, నాకా అని.

నవ్వకండి, నిజం రాకెట్లే. మూరెడు పొడుగు అట్ట గొట్టం, కింద పల్చటి చెక్కతో చేసిన మూడు రెక్కలు, పైన కోసుగా ఒక ముక్కు. లోపల వేలెడంత మోటారు ఉంటుంది. మోటారంటే చక్రాలూ అవీ కాదు, మందు కూరిన కాగితపు గొట్టం. రాకెట్‌ను నిటారుగా పాతిన సన్నటి కమ్మీకి తగిలించి, దూరంగా వచ్చి నిలబడి, తీగ చివరనున్న పెట్టె మీద మీట నొక్కితే బుస్సుమని పైకి పోతుంది. పైకెళ్ళాక ముక్కు ఊడి, పారాచూట్ విచ్చుకుని, తాపీగా దిగుతుంది. దిగినదాన్ని వెతుక్కుంటూ యాభై దాటిన మగవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో పరుగెత్తుతారు. ఇంతే ఆట.

ఆయన ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది బోధపడదు. బాయిలర్ గది ఆసుపత్రి వెనక నేల కింద ఉంటుంది. పద్నాలుగు మెట్లు దిగాలి. గోడకి బాగా పైన ఒకటే కిటికీ, బయట నేలకి సమానంగా. అందులోంచి కనిపించేవి మనుషుల పాదాలు మాత్రమే. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆసుపత్రిలో అందరినీ చెప్పులు చూసి గుర్తుపడతాడు. ఒకసారి బజార్లో పెద్ద డాక్టరుగారు ఎదురుపడి "బాగున్నావా?" అని పలకరిస్తే ఈయన తెల్లమొహం వేశాడు. తర్వాత కిందికి చూసి, "ఓ, మీరా సార్!" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికీ, ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ శుద్ధి చెయ్యడానికీ ఆవిరి కావాలి. ఆ ఆవిరి ఈ బాయిలర్‌దే. మంట ఉన్నంతసేపూ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకడు ఆ గదిలో ఉండి తీరాలి. బాయిలర్ పక్కనుండే గాజు గొట్టంలో నీళ్ళ మట్టం గీత దాటి కిందికి పోతే ఎంత ప్రమాదమో ఆయన పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పాడు. కొత్త పెళ్ళికూతురికి ఇంకేం కబుర్లు చెప్పాలో తెలియక కాబోలు. ఆ మట్టం అరగంటకోసారి చూసి పుస్తకంలో రాసుకోవాలి. రెండో మనిషి వచ్చి, ఇద్దరూ కలిసి నీళ్ళ మట్టం చూసుకుని, వచ్చినవాడు సంతకం పెట్టాకే మొదటివాడు మెట్టెక్కాలి. వాడు రాకపోతే వీడు కదలకూడదు. పన్నెండు గంటలు కానివ్వండి, ఇరవై కానివ్వండి.

ఒకప్పుడు ముగ్గురుండేవాళ్ళు. ఒకాయన రిటైరయ్యాడు, ఆ చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది. మిగిలింది మా ఆయనా, ఇంకొకడూ. ఆ ఇంకొకడికి నేను పెట్టిన పేరు 'వస్తున్నా'. ఎప్పుడు ఫోన్ చేసినా "వస్తున్నా అన్నా, దారిలోనే ఉన్నా" అంటాడు. ఏ దారో, ఏ ఊరి దారో, వాడికే తెలియాలి. వాడి మూలంగా మేం ఎన్ని పెళ్ళిళ్ళకి తాళి కట్టాక వెళ్ళామో, ఎన్నింటికి భోజనాలు ఎత్తేశాక వెళ్ళామో లెక్కలేదు.

పోనీ ఇంట్లో ఉన్నప్పుడైనా ఉన్నాడా అంటే, అదీ లేదు. అరగంటకోసారి లేస్తాడు. వంటింట్లోకి వచ్చి, నీళ్ళ డబ్బా మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టి వెళ్ళిపోతాడు. "ఏం కావాలండీ?" అంటే "ఏం లేదు" అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్ళు మండేది, ఆ తర్వాత అలవాటైపోయింది. పాల ఫ్యాక్టరీలో పగటి ఉద్యోగం ఒకటి ఇంటిదాకా వచ్చింది. నేలమీద గది, పెద్ద పెద్ద కిటికీలు. వద్దన్నాడు. "నేనొచ్చేస్తే వాడొక్కడూ ఏం చేస్తాడే పాపం?" అన్నాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఇలాంటి మనిషికి రాకెట్ల పిచ్చి ఎలా పట్టిందంటే, తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున ఆ కిటికీ ముందు ఎర్రటి పారాచూట్‌తో ఒక రాకెట్ వచ్చి పడింది. వెనకే రెండు పాదాలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. అవి గడియారాలు బాగుచేసే ఆయనవి. ఊరి చివర ఖాళీ మైదానంలో ఆయనా, ఒక సైన్సు టీచరమ్మా, ఇంకో నలుగురూ నెలకోసారి ఈ ఆట ఆడతారట. గాలికి ఒకటి కొట్టుకొచ్చి ఇక్కడ పడింది. ఈయన కిటికీలోంచే చెయ్యి చాపి దాన్ని అందించాడు. అందిస్తూ, "ఇది ఎంత ఎత్తు వెళ్తుందండీ?" అని అడిగాడు. అదే కొంప ముంచింది.

అప్పట్నుంచి మా భోజనాల బల్ల మీద భోజనం చేసింది తక్కువ. జిగురు, ఇసక కాగితం, చెక్క పొట్టు. ఒకరోజు మెంతులనుకుని ఏం వేశానో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఎగరేసి వచ్చిన రోజున ఆయన వేరే మనిషి. చేతులు ఊపుతూ మాట్లాడతాడు, పాట కూనిరాగం తీస్తాడు. నీళ్ళ డబ్బా జోలికి పోడు. ఆ ఒక్క రోజు కోసం నేను పొట్టు ఊడ్చాను.

అయితే తొమ్మిదేళ్ళలో ఆయన మైదానానికి వెళ్ళింది ఎన్నిసార్లు? పదిహేను ఉంటాయేమో. మిగతా నెలలన్నీ వస్తున్నాగారు మింగేశాడు. పోనీ ఇంకొకళ్ళ చేత ఎగరేయిద్దామంటే వాళ్ళ గుంపులో ఒక కట్టుబాటుంది. కట్టినవాళ్ళే మీట నొక్కాలి. పిల్లాడికి ఇంకొకడు పేరు పెడతాడా అంటాడు గడియారాలాయన. అందుకని ఆయన రాకెట్లు అటక మీద నిలబడి మా కాపురాన్ని చూస్తూ ఉండేవి.

మూడేళ్ళ కిందట 'పెద్దది' మొదలుపెట్టాడు. బాయిలర్ గదిలోనే, నీళ్ళ మట్టానికీ నీళ్ళ మట్టానికీ మధ్య. నా భుజం ఎత్తుంటుంది. రెండు అంచెలది. కిందది కాలిపోయి ఊడిపడేటప్పుడు పైదాన్ని అంటిస్తుంది, పైది ఇంకా పైకి పోతుంది. పారాచూట్ నాచేత కుట్టించాడు, పాత గొడుగు గుడ్డతో. ఎనిమిది ముక్కలు, కుట్టు కనపడకూడదట. మూడుసార్లు విప్పించాడు. నాలుగోసారి విప్పమంటే కత్తెర ఆయన మీదే విసిరేస్తానన్నాను, అప్పుడు బాగుందన్నాడు.

పెద్దది తయారయ్యేసరికి మైదానం అమ్ముడుపోయింది. అక్కడ ఇళ్ళు కడతారట, వచ్చే నెల కంచె వేస్తారట. పోలీసుల దగ్గర్నుంచి గడియారాలాయన ఆఖరి ఆదివారానికి అనుమతి తెచ్చాడు, పొద్దున పది గంటల దాకా. ఆ కబురు తెలిసినరోజు మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "ఈ ఒక్కటీ ఎగరేస్తే చాలే. ఇంకేం అడగను," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను నోరు తెరిచి కావాలని అడిగింది అదొక్కటే. నేనేదో ఆయనకి వరమిచ్చే దేవతనైనట్టు.

ఆ ఆదివారం ఆయన డ్యూటీ పొద్దున ఆరింటికి దిగుతుంది. వారం ముందునుంచే వస్తున్నాగారి ఇంటికి వెళ్ళి బతిమాలి వచ్చాను. "ఒట్టు వదినా, ఐదున్నరకే ఉంటా," అన్నాడు. ఆరింటికి నేను పెద్దదాన్ని రెండు ముక్కలుగా గుడ్డసంచిలో పెట్టుకుని బాయిలర్ గది మెట్ల మీద కూర్చున్నాను. ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ ఉడుకు గదిలో ఆ చొక్కా అరగంటలో ఒంటికి అంటుకుపోయింది.

ఆరున్నర. "వస్తున్నా అన్నా, దారిలోనే ఉన్నా." ఏడుంబావు. "ఇదిగో, వచ్చేశా." ఏడున్నర నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నేను పైకి పరుగెత్తి కనపడ్డ ప్రతివాడి మీదా నిప్పులు చెరిగాను. ఆదివారం కదా, ఇంజనీరు లేడు. ఉన్న నర్సమ్మ, "ఆ మంట ఆర్పితే ఎలాగమ్మా? రెండు ఆపరేషన్లున్నాయి," అంది. ఆమె తప్పేముంది? మళ్ళీ పద్నాలుగు మెట్లు దిగాను.

"ఏమండీ, నేను కూర్చుంటాను, మీరు వెళ్ళండి," అన్నాను. "ఇన్నేళ్ళుగా వింటున్నా, ఆ మాత్రం నాకు రాదా? నీళ్ళు గీత దగ్గరికొస్తే ఆ చక్రం తిప్పాలి. అంతేగా?"

"అంతే."

"మరి లేవండి."

"నీకు సర్టిఫికెట్ లేదు."

"మీ బాయిలర్ నన్ను సర్టిఫికెట్ చూపించమంటుందా?"

ఆయన నవ్వలేదు. గాజు గొట్టం వైపే చూస్తూ, "పైన ఎవర్నో కోసి బల్ల మీద పెట్టి ఉంటారే. ఏదైనా అయితే?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషిని ఈ గొయ్యిలోంచి బయటికి లాగడం నా వల్ల కాదనిపించింది. ఈ బాయిలర్‌నే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారని కూడా అన్నాను. దానికి ఆయన అరగంట అయింది కాబట్టి లేచి మట్టం చూసి రాసుకున్నాడు.

ఎనిమిదిన్నర కావస్తుండగా తనే అన్నాడు. "నువ్వు దాన్ని తీసుకుని వెళ్ళు. వాళ్ళు ఎదురుచూస్తుంటారు. అన్నీ సిద్ధం చేసి ఉంచండి. వాడు రాగానే బండి మీద వెనకే వచ్చేస్తా. ఇరవై నిమిషాలు, ఎంతసేపు?" మెట్ల దాకా వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. "రెండు మోటార్లూ ఒకదానికొకటి ఆనాలి. టేపు ఒక్క చుట్టే. ఎక్కువ చుడితే విడిపోదు. విన్నావా? ఒక్క చుట్టే."

బస్సులో కండక్టరు సంచి వైపు అనుమానంగా చూసి, "ఏంటమ్మా అది?" అన్నాడు. రాకెట్టంటే దింపేస్తాడని, గొడుగులన్నాను.

మైదానంలో అందరూ వాళ్ళవి ఎగరేసేసి కూర్చున్నారు. నేనూ గడియారాలాయనా కలిసి పెద్దదాన్ని అతికించాం. టేపు ఒక్క చుట్టే చుట్టాను. పారాచూట్‌కి అతుక్కోకుండా పౌడరు రాసి మడతపెట్టాను. కమ్మీకి తగిలించేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఇక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. వచ్చే ప్రతి బండీ ఆయనదే అనుకున్నాను. ఒకడు దూరం నుంచి అచ్చం ఆయనలాగే ఉంటే చెయ్యి కూడా ఊపాను. వాడెవడో తిరిగి ఊపి వెళ్ళిపోయాడు.

తొమ్మిదీ యాభైకి టీచరమ్మ నా పక్కకి వచ్చింది. "గాలి లేస్తోందండీ. పది దాటితే పోలీసులు ఊరుకోరు."

"కట్టినవాళ్ళే నొక్కాలి కదండీ," అన్నాను.

గడియారాలాయన పెద్దదాని వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. "ఇందులో మీ చెయ్యి ఏమైనా పడిందా అమ్మా?"

"గొడుగు గుడ్డ నేనే కుట్టాను. మూడుసార్లు విప్పి."

"అయితే మీరూ కట్టినట్టే. రండి."

"ఐదు నిమిషాలు ఆగుదామండీ," అన్నాను. ఐదూ ఆగారు, పాపం. నేను రోడ్డు చూస్తూనే ఉన్నాను. అప్పుడు గడియారాలాయన గడియారం నాకు చూపించి పెట్టె నా చేతిలో పెట్టాడు. అందరూ వెనక్కి లెక్కపెట్టారు. నేను రెండు బొటనవేళ్ళూ కలిపి మీట నొక్కాను.

ఏం చెప్పమంటారు! బుస్సుమన్న చప్పుడు నా కడుపులో తగిలింది. చూస్తుండగానే అంత పెద్దదీ వేలెడైపోయింది. కిందది ఊడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పైది అంటుకుంది. తెల్లటి పొగ గీసుకుంటూ మేఘం దాకా పోయింది, ఓరి నాయనో, ఇంకా పోతూనే ఉంది. నేను కేకలు పెట్టానట, గంతులేశానట, టీచరమ్మ చెప్పింది. నాకు తెలియదు. నా గొడుగు గుడ్డ అంత ఎత్తున నల్లచుక్కలా విచ్చుకున్నప్పుడు మాత్రం నా జన్మలో అంత సంతోషం ఎరగను. "చూశారా, ఏమండీ!" అని పక్కకి తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

రాకెట్ దొరికింది, ఒక రెక్క కొస కూడా విరగలేదు. దాన్ని సంచిలో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కి ఆసుపత్రికి వచ్చాను. దారంతా వస్తున్నాగాడిని ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకుంటూ వచ్చాను. వాడి ఏడు తరాలూ అందులో ఉన్నాయి.

మెట్లు దిగేసరికి బాయిలర్ ముందు కుర్చీలో వాడే ఉన్నాడు. పక్కన ముక్కాలిపీట మీద మా ఆయన.

"నువ్వెప్పుడు తగలడ్డావు?" అన్నాను.

"అరవకు వదినా. తప్పే, కాళ్ళు పట్టుకుంటా. నిద్రపట్టేసింది," అన్నాడు వాడు. "అయినా తొమ్మిది కాకముందే వచ్చేశాగా. సంతకం కూడా పెట్టేశా. అన్నని పరుగెత్తమన్నా. వెళ్ళాడు కూడా. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు."

వాడి ఏడు తరాలనీ అక్కడే వదిలేశాను. మా ఆయన వైపు చూశాను. ఆయన గాజు గొట్టం వైపు చూస్తున్నాడు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి బయటికి లాక్కొచ్చాను. ఎండకి కళ్ళు చికిలించుకుని నిలబడ్డాడు.

"ఏమైంది? బండి చెడిపోయిందా?"

"లేదు. గేటు దాకా తోలాను కూడా. వాచ్‌మన్ 'ఏం సార్, బయల్దేరారా?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"లేదయ్యా, ఊరికే గాలికోసం వచ్చానన్నా."

నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఎందుకండీ అలా అన్నారు?"

"ఏమో. ఎవరైనా పిలుస్తారేమోనని వెనక్కి చూశా. ఎవరూ పిలవలేదు. కాళ్ళు అటు పడలేదే."

"నేనక్కడ రోడ్డు చూస్తూ నిలబడ్డానండీ!" అని అరిచాను. అటుగా పోయేవాళ్ళు ఆగి చూశారు, చూడనీ. "ఆఖరి నిమిషం దాకా ఎవడెవడికో చెయ్యి ఊపుతూ నిలబడ్డాను! మూడేళ్ళు కట్టారు, ఇదొక్కటి చాలన్నారు, ఆ నోటితోనే!"

"తెలుసు. నేనూ గడియారమే చూస్తూ కూర్చున్నా." ఆయన నా వైపు తిరిగాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. అలా లేదు మొహం. జ్వరం విడిచినవాడిలా ఉంది. "పది దాటాక గానీ ఊపిరాడలేదే నాకు."

నాకు ఆయన మీద ఇక కోపం రాలేదు, జాలీ కాదు. భయమేసింది. ఇన్నాళ్ళూ ఆ వస్తున్నాగాడే మా కాళ్ళకి సంకెలనుకున్నాను. సంచి భుజం మార్చుకున్నాను. ఎలా ఎగిరిందో చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆయన అడిగితే చెబుదామని చూశాను. అడగలేదు.

"సరే, పదండి ఇంటికి," అన్నాను. "మీకు రాత్రంతా నిద్ర లేదు."

"నువ్వు వెళుతుండు," అన్నాడు. "వాడు పొద్దుటినుంచి టీ కూడా తాగలేదు. వాడు తాగొచ్చేదాకా కాస్త చూసుకుని వస్తా." అని వెనక్కి తిరిగి మెట్లు దిగాడు.